గీత లోపలి మనిషి

ఎల్.బి.నగర్,
జూన్ 15, ఆదివారం.

చెల్లె జాస్మిన్‌కు అన్న ఆనంద్ కుమార్ రాసేది.

ఇక్కడ నేనూ అమ్మా దేవుని దయవల్ల బాగున్నాం. అక్కడ నువ్వూ, నీతోపాటు బైబిలు శిక్షణ తీసుకునే అమ్మాయిలూ బాగున్నారని తలుస్తాను. మొదటి రోజే మీ ఫోన్లన్నీ తీసుకుని బీరువాలో పెట్టి తాళం వేసిన వార్డెన్ అరుణజ్యోతి గారికి కూడా నా వందనాలు. మా ఉత్తరాలు ఆమె చదివాకే మీ చేతికిస్తారని రాశావు కాబట్టి, ఆమెను మరిచిపోతే బాగుండదు.

నేను చివరిసారి రాసిన ఉత్తరం స్కూల్లో సెలవు చీటీ. జ్వరమని రాసి చెరువుకు పోయాను. ఇప్పుడు నీ పుణ్యమా అని మళ్లీ పెన్ను పట్టుకున్నాను. పోస్టాఫీసు ఎక్కడుందో కనుక్కోవడానికే ఒక పూట పట్టింది.

అమ్మ సంగతి రాస్తాను. జనవరిలో పక్షవాతం వచ్చినప్పటికీ ఇప్పటికీ చాలా తేడా ఉంది. మాట తేటగా వస్తోంది. కర్ర పట్టుకుని బాత్‌రూం దాకా తానే నడుస్తోంది. ఎడమ చెయ్యి మాత్రం రావడం లేదు. ఫిజియోథెరపీ చేసే ప్రసన్నకుమార్ గారు వారానికి మూడుసార్లు వస్తున్నారు. ఆయన ముందు అమ్మ బుద్ధిగా ఉంటుంది, ఆయన మెట్లు దిగగానే చెయ్యిని ఒళ్లో పెట్టుకుని కిటికీలోంచి రోడ్డు చూస్తూ కూర్చుంటుంది. నేను పగలంతా దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగ్ సెంటర్ ప్రశ్నపత్రాలు ప్రింట్ తీస్తూ ఉంటాను కదా, పగటిపూట యాదలక్ష్మక్క వచ్చి కనిపెట్టుకుంటోంది. మన సంఘంలో ఆమెలాంటి మనిషి ఇంకొకరు లేరు.

ఇప్పుడు అసలు విషయం. నా వీఆర్ హెడ్‌సెట్ గుర్తుందా? సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను, కళ్లకు కట్టుకునే డబ్బా అని నువ్వు వెక్కిరించేదానివి. ప్రసన్నకుమార్ గారు దాన్ని చూసి, అమ్మకు పెట్టండి, ఆటలో పడి చెయ్యి కదిలిస్తారు అన్నారు. పైనుంచి పళ్లు పడుతుంటే పట్టుకునే ఆట ఒకటి ఉంది. కానీ ఈ పాతది బరువు, అమ్మకు మెడ నొప్పి పుడుతోంది. బొమ్మ కూడా మసక. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక దుకాణం వాళ్లు పాతది ఇస్తే తగ్గించి కొత్తది ఇస్తామంటున్నారు. ఆగస్టు చివరిదాకా గడువుంది. కొత్తది తేలిక, అద్దంలా కనిపిస్తుంది.

మార్చమంటావా, వద్దంటావా? ఇంట్లోకి ఏ పెద్ద వస్తువు వచ్చినా నిన్ను అడగడం అలవాటు. ఫ్రిజ్ రంగు కూడా నువ్వే చెప్పావు. నన్నడిగితే ఇచ్చేయడమే మంచిది.

మీ అన్న,
ఆనంద్.

~

స్త్రీల శిక్షణాలయం,
జడ్చర్ల దగ్గర,
జూన్ 24.

అన్నకు,

నీ ఉత్తరం అందింది. నేను బాగున్నాను. పొద్దున ఐదింటికి లేస్తాం. వంట వంతులవారీగా చేస్తాం. నిన్న నా వంతు, పప్పు మాడింది, అందరం అదే తిన్నాం.

అమ్మ మాట తేటగా వస్తోందంటే సంతోషం. చెయ్యి కోసం రోజూ ప్రార్థన చేస్తున్నాను.

ఆ డబ్బా ముఖానికి పెట్టుకుంటే చుట్టూ ఏముందో కనిపించదు కదా. నడవడమే కష్టంగా ఉన్న మనిషికి అది పెడితే ఎట్లా? ఏదన్నా తగిలి పడితే? కొత్తదా పాతదా అని అడిగావు గానీ, అసలు అది ఇంట్లో ఎందుకుండాలో రాయలేదు. అమ్మ కుర్చీ ఎక్కడ వేస్తున్నావు? అది కూడా రాయి.

జాస్మిన్.

~

ఎల్.బి.నగర్,
జూలై 3.

చెల్లెకు అన్న రాసేది.

నీ ఉత్తరం చదివితే కరెంటాఫీసు నోటీసు చదివినట్టుంది. అక్కడ నవ్వడం కూడా మాన్పించారా? ఊరికే అన్నాను, కోపం తెచ్చుకోకు.

పడిపోతుందని భయం వద్దు. ఆట మొదలుపెట్టే ముందు చేతిలోని మీటతో నేల మీద మన చుట్టూ ఒక గీత గీసుకోవాలి. అది బయటివాళ్లకు కనిపించదు, పెట్టుకున్నవాళ్లకే కనిపిస్తుంది. చెయ్యి గీత దాటితే ఎర్రటి వల అడ్డమొస్తుంది. ఇంకెవరైనా గీత లోపలికి వస్తే, ఆ మనిషి ఆకారం గులాబీ రంగు చుక్కలతో కనిపిస్తుంది, గుద్దుకోకుండా. అమ్మను హాల్లో దివాను ముందు, చేతులున్న కుర్చీలో కూర్చోబెడుతున్నాను. ఫ్రిజ్‌కు ఎదురుగా.

ఇప్పుడు నేను రాసేది మీ వార్డెన్ గారు కూడా జాగ్రత్తగా చదవాలి. పోయిన గురువారం అమ్మకు పెట్టి పళ్ల ఆట వేశాను. రెండు నిమిషాలు కుడిచేత్తో పట్టింది. తర్వాత ఆగిపోయింది. ముఖం ఫ్రిజ్ వైపు తిప్పి, "ఎవలో ఉన్నరు బిడ్డా" అంది. యాదలక్ష్మక్క వంటింట్లో ఉంది. నేను అమ్మ వెనకాల ఉన్నాను. ఫ్రిజ్ దగ్గర ఎవరూ లేరు. అప్పుడు అమ్మ ఎడమ చెయ్యి ఒళ్లోంచి లేచింది, జాస్మిన్. ఆరు నెలలుగా పక్కవాళ్ల సామాను లాగా పడున్న చెయ్యి, వణుకుతూ, జానెడెత్తు లేచింది. అరనిమిషం నిలిచి, మళ్లీ పడిపోయింది.

మర్నాడూ అంతే. మూడో నాడూ అంతే. వ్యాయామానికి లేవదు, పళ్లకు లేవదు. ఆ కనిపించే మనిషి వైపే లేస్తుంది.

ప్రసన్నకుమార్ గారు ఫ్రిజ్ తలుపు మెరుపుకు డబ్బాలోని కెమెరాలు మోసపోతాయి, దుప్పటి కప్పండి అన్నారు. కప్పాను. అయినా వచ్చింది. నేను పెట్టుకుని చూస్తే నాకేమీ కనిపించలేదు.

మన ఫ్రిజ్ పైన గోడకు నాన్న ఉన్నప్పుడు తగిలించిన పలక ఉంది కదా. క్రీస్తే ఈ ఇంటికి యజమాని, భోజనం దగ్గర కనబడని అతిథి, ప్రతి మాటా మౌనంగా వినేవాడు అని. యాదలక్ష్మక్క ఆ పలక వైపు చూసింది, నేనూ చూశాను. నేనే అన్నాను, అతిథి వచ్చాడేమోనక్కా అని. ఆమె అక్కడికక్కడే మోకరించింది.

ఇది నమ్మాలో లేదో నాకు తెలియదు. చెయ్యి మాత్రం లేచింది. ఇప్పుడు మార్చాలా వద్దా చెప్పు. నాకైతే మార్చాలనే ఉంది.

ఆనంద్.

~

స్త్రీల శిక్షణాలయం,
జూలై 12.

అన్నకు,

అమ్మ చెయ్యి లేచిందన్న ముక్క పదిసార్లు చదివాను. అది నిజమైతే దేవునికి స్తోత్రం.

ఒక్కటి అర్థం కాలేదు. చెయ్యి లేస్తోందంటావు, ఆ వెంటనే దాన్ని ఇచ్చేస్తానంటావు. కన్నతల్లి చెయ్యి లేస్తుంటే ఏ కొడుకైనా ఆ వస్తువును దాచిపెట్టుకుంటాడు. నువ్వెందుకు వదిలించుకోవాలని చూస్తున్నావు?

ఇంకొకటి. ఆ ఆకారం నిలబడి ఉందా, కూర్చుని ఉందా? ఎటు చూస్తోంది? అమ్మను అడిగి రాయి.

జాస్మిన్.

~

ఎల్.బి.నగర్,
ఆగస్టు 3, ఆదివారం.

చెల్లెకు,

జవాబు ఆలస్యమైంది. నెలంతా ఇల్లు తిరునాళ్ల లాగా ఉంది.

యాదలక్ష్మక్క నోట్లో నువ్వుగింజ నానుతుందా? వారం తిరగకముందే సంఘమంతా తెలిసింది. శుక్రవారం గృహ ప్రార్థన మన ఇంట్లోనే పెట్టారు. నలభైమంది వచ్చారు, చెప్పులు మెట్ల దాకా నిలిచాయి. ప్రార్థన అయ్యాక ఆడవాళ్లంతా కొంగులు కప్పుకుని వరుసలో నిలబడ్డారు, రేషన్ దుకాణం ముందు నిలబడ్డట్టు. అమ్మ కుర్చీలో ఒక్కొక్కరినే కూర్చోబెట్టి డబ్బా పెట్టాను. తిరుపతమ్మత్త తల్లోని క్లిప్పులు ఇరుక్కుని దాన్ని ఊడదీయడానికి ముగ్గురు కావాల్సొచ్చింది. నవ్వు ఆపుకోలేక వంటింట్లోకి పోయాను.

నవ్వు అక్కడితో అయిపోయింది. ఎందుకంటే వాళ్లకు కనిపించింది. తిరుపతమ్మత్త డబ్బా తీసి పోయి మూలన కూర్చుంది. ఒకామె ఏడ్చింది. గులాబీ చుక్కలు, మనిషంత, చెయ్యి చాపి ఉందన్నారు. పాస్టర్ ఇశ్రాయేలు గారు అందరికంటే ఎక్కువసేపు పెట్టుకున్నారు. తీసేటప్పటికి ఆయన ముఖం పాలిపోయి ఉంది. అమ్మ వైపు తిరిగి, ఇది సామాన్యమైన సంగతి కాదు, ఆగస్టు ముప్పై ఒకటి ఆదివారం ఆరాధనలో రెబెక్కమ్మ సాక్ష్యం చెప్పాలి, ఆ పరికరం కూడా గుడికి తేవాలి అన్నారు. అమ్మ ఔననలేదు, కాదనలేదు. అప్పటినుంచి యాదలక్ష్మక్క సాయంత్రం పోయేముందు రాత్రి భోజనానికి ఒక పళ్లెం ఎక్కువ పెడుతోంది. ఫ్రిజ్ పక్కన.

అందరికీ కనిపించింది. నాకే ఏమీ కనిపించలేదు. నా కళ్లకు అంత భాగ్యం లేదేమో.

నిన్న అమ్మను ఆటోలో దిల్‌సుఖ్‌నగర్ తీసుకుపోయాను, కొత్తది పెట్టి చూపించమని. బస్టాండు దగ్గర ట్రాఫిక్‌లో అరగంట నిలిచాం. దుకాణంలో అమ్మను మెత్తటి కుర్చీలో కూర్చోబెట్టి కొత్తది పెట్టారు. ఎంత బాగుందో చెప్పలేను, బరువే లేదు, రంగులు అచ్చం కంటికి కనిపించినట్టే. అమ్మ కాసేపు అటూ ఇటూ చూసింది. చెయ్యి ఒళ్లోనే ఉంది, వేలు కూడా కదలలేదు. "గిండ్ల ఎవలు లేరు బిడ్డా, ఇంటికి పోదాం" అంది.

అయినా సాక్ష్యం చెప్పే ఆదివారానికి ముందే మార్చేస్తే మంచిదని నా మనసుకు తోస్తోంది. దేవుని సంగతి ఒక ఆటవస్తువులో పెట్టి గుళ్లో చూపించడం నాకు నచ్చలేదు. నువ్వు బైబిలు చదువుతున్నావు, నువ్వే చెప్పు. నువ్వు మార్చమంటే అమ్మ వింటుంది.

ఆనంద్.

~

స్త్రీల శిక్షణాలయం,
ఆగస్టు 9.

అన్నకు,

ఆకారం నిలబడి ఉందా, కూర్చుని ఉందా అని అడిగాను. రెండు పేజీలు రాశావు. తిరుపతమ్మత్త క్లిప్పులు కూడా రాశావు. అది మాత్రం రాయలేదు.

నలభైమందికి కనిపించి నీకు కనిపించకపోవడం ఏమిటి?

జాస్మిన్.

~

ఎల్.బి.నగర్,
ఆగస్టు 14.

జాస్మిన్,

అరుణజ్యోతి గారూ, ఈ ఉత్తరం మీరు చదివినా సరే. దయచేసి ఆపకుండా మా చెల్లెకివ్వండి.

ఆ ఆకారం నేల మీద ఉంది. కుడి చెయ్యి పైకెత్తి ఉంది. నేను మొదటి రోజే చూశాను. నాకు కనిపించలేదని రాసింది అబద్ధం.

దానికి ముందొక అబద్ధం ఉంది. జనవరి పదకొండు శనివారం సాయంత్రం నువ్వు క్వయర్ ప్రాక్టీసుకు పోయావు. అమ్మ పడిపోయినప్పుడు నేను స్నానం చేస్తున్నానని దవాఖానలో నీకు చెప్పాను, డాక్టర్‌కూ చెప్పాను. నేను స్నానం చేయడం లేదు. హాల్లోనే ఉన్నాను. డబ్బా పెట్టుకుని, చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని బాక్సింగ్ ఆడుతున్నాను.

రెండో రౌండులో ఫ్రిజ్ వైపు గులాబీ చుక్కలు లేచాయి. అమ్మ అనుకున్నాను. చాయ్ చల్లారిపోతోందని చెప్పడానికి అట్లా వస్తూనే ఉంటుంది కదా. గీత లోపలికి ఎవరో వచ్చారు, ఆట కొనసాగించాలా అని డబ్బా అడిగింది. కొనసాగించమని నొక్కాను. ఆకారం మెల్లగా కిందికి జారింది. ఏదో పడితే ఏరుకుంటోంది అనుకున్నాను. తర్వాత ఒక చెయ్యి పైకి లేచింది. అది దిగలేదు. నేను కొట్టే ప్రతి దెబ్బకూ ఆ చెయ్యి అడ్డమొస్తున్నట్టు కనిపించింది, నాకు విసుగొచ్చింది. అటు వీపు పెట్టి, ఇటు తిరిగి ఆడాను.

జాస్మిన్, నేను తిరిగి ఆడాను. ఎంతసేపో తెలియదు. మూడు రౌండ్లు గెలిచాను. పై అంతస్తులోని ఇంటి ఓనరమ్మ సూర్యప్రభ గారు వచ్చి నా భుజం పట్టుకుని కుదిపితే అప్పుడు తీశాను. ప్రతి నిమిషం విలువైనదే, ఇంకాస్త ముందు తెస్తే చెయ్యి కూడా దక్కేది అని డాక్టర్ అన్నప్పుడు నువ్వు నా పక్కనే ఉన్నావు.

నెలల తరబడి దాన్ని ముట్టలేదు. అమ్మకు పెట్టండని ప్రసన్నకుమార్ గారు అన్నప్పుడు కాదనడానికి కారణం దొరకలేదు. పాత గీత ఉందా లేదా అని ముందు నేను పెట్టుకుని చూశాను. ఆ ఆకారం పడిన చోటే, పడినట్టే ఉంది. అమ్మ మాత్రం నా వెనక దివాను మీద కూర్చుని బఠానీలు ఒలుస్తోంది. ఒక్క చెయ్యితో. ఆ డబ్బా ఏదీ రికార్డు చేయదు, నేను అందులో వెతకని చోటు లేదు. మొత్తం చెరిపేసి మొదటినుంచి పెట్టాను. గీత కొత్తగా గీశాను. అయినా అక్కడే ఉంది. దిల్‌సుఖ్‌నగర్ దుకాణానికి తీసుకుపోయి ఒకసారి అక్కడ పెట్టుకుని చూశాను, జనం మధ్యలో, పట్టపగలు. ఫ్రిజ్ లేదు, మన గది లేదు. నా నుంచి ఐదడుగుల దూరంలో నేల మీద ఉంది, చెయ్యెత్తి.

అతిథి అని నేనే అన్నాను, ఎందుకంటే ఇంకేమనాలో తెలియలేదు. యాదలక్ష్మక్క మోకరించాక ఆ మాట వెనక్కి తీసుకోలేకపోయాను. తర్వాత అమ్మ చెయ్యి లేస్తోంది. నిజం చెబితే ఆ లేవడం కూడా ఆగిపోతుందేమోనని భయం. చెప్పకపోతే గుళ్లో అందరి ముందు మన అమ్మ తన సొంత ఆకారానికే దండం పెట్టి సాక్ష్యం చెబుతుంది. మార్చేద్దామంటే, ఆ ఆకారం దాంతోపాటు పోతుంది. ఎవడో దాన్ని కొనుక్కుని ఇంటికి తీసుకుపోయి గీత గీసుకుంటాడు. వాడికి ఏం కనిపిస్తుంది?

తేలు కుట్టిన దొంగలాగా ఏడు నెలలు తిరిగాను. ఇంక నా వల్ల కాదు. ఏం చెయ్యమంటావో చెప్పు.

ఆనంద్.

~

స్త్రీల శిక్షణాలయం,
ఆగస్టు 19.

అన్నా,

అరుణజ్యోతి గారు నీ ఉత్తరాన్ని మళ్లీ అంటించి ఇచ్చారు. నా తల మీద చెయ్యి పెట్టారు.

నాకు తెలుసు. మొదటి రాత్రే తెలుసు. సూర్యప్రభ గారు దవాఖాన వరండాలో నన్ను పక్కకు పిలిచి చెప్పారు. మంచినీళ్ల మోటారు ఆపడానికి కిందికి వస్తే మన తలుపు తెరిచి ఉందట. "మీ అన్నయ్య అక్కడే ఉన్నాడమ్మా, గాల్లో చేతులు ఊపుతున్నాడు. మీ అమ్మగారు ఆయన కాళ్ల దగ్గరే పడున్నారు. ఎవరికీ చెప్పనులే, నీకు తెలియాలని చెప్పాను" అన్నారు. నేను లోపలికి వచ్చి నిన్నడిగాను, నువ్వెక్కడున్నావు అని. స్నానం అన్నావు. నీ జుట్టు పొడిగా ఉంది.

అమ్మ బతికితే ఒక ఏడాది సేవకిస్తానని మొక్కుకున్నందుకే ఇక్కడికి వచ్చానని అందరికీ చెప్పాను. అది సగమే నిజం. నీతో ఒకే ఇంట్లో అన్నం తినడం నా వల్ల కాలేదు. పడిపోయిన అమ్మను నీకే వదిలి వచ్చాను, నువ్వే చెయ్యాలి, రోజూ చూడాలి అని. అది నా పాపం. దానికి నేను ఏడుస్తాను, నువ్వు ఏడవక్కర్లేదు.

నీ ప్రతి ఉత్తరంలో ముందుగా ఆ ఒక్క మాట కోసం వెతికేదాన్ని. లేకపోతే మడిచి పెట్టేసి, మర్నాడు మిగతాది చదివేదాన్ని. ఈ ఉత్తరం మాత్రం ఒకేసారి మొత్తం చదివాను.

ఆ ఆకారం ఏమిటో నాకు తెలియదు. ఇక్కడ ఎవరినీ అడగలేదు, అడగను కూడా. నాకు భయమేసింది. నిన్న రాత్రి బియ్యం బస్తా పక్కన చీకట్లో ఎవరో కూర్చున్నట్టనిపించి వంటింటి తలుపు దగ్గరే నిలిచిపోయాను. కానీ నువ్వు అడిగింది మార్చాలా వద్దా అని. అది నిన్నూ నన్నూ అడగాల్సింది కాదు. అమ్మను అడగాలి. ముప్పై ఒకటో తేదీకి ముందే నిజం చెప్పు. చెయ్యి లేచినా, లేవకపోయినా చెప్పు. మోకాళ్ల మీద కాదు, ఆమె ఎదురుగా కూర్చుని, కళ్లలోకి చూసి చెప్పు.

నీ చెల్లె,
జాస్మిన్.

~

ఎల్.బి.నగర్,
సెప్టెంబరు 1.

చెల్లెకు,

చెప్పాను. శనివారం పొద్దున, యాదలక్ష్మక్క రాకముందు. ఎదురుగా స్టూలు వేసుకుని కూర్చున్నాను. సగంలో కళ్లు దించుకున్నాను, అది కూడా నీకు చెప్పాలి.

కింద వీధిలో ఉల్లిగడ్డల ఆటో మైకులో అరుస్తూ పోయింది. ఆ ఆకారం తానేనని మొదటినుంచీ తెలుసు అంది అమ్మ. "నా చెయ్యి నాకెర్క లేదా బిడ్డా" అంది. మరి అతిథి అని ఎందుకన్నావమ్మా అంటే, "నేనెప్పుడన్న? మీరే అన్నరు. ఎవలో ఉన్నరన్న, గంతే" అంది. నేను వెనక్కి తలచుకున్నాను. నిజమే, జాస్మిన్. అమ్మ ఆ మాట ఒక్కసారి కూడా అనలేదు. మేమే పలక చూశాం, మేమే మోకరించాం, మేమే పళ్లెం పెట్టాం.

నేను చూశాననీ, వీపు తిప్పాననీ కూడా ఆమెకు తెలుసు. పడినచోటి నుంచి నన్నే చూస్తూ ఉందట. నోరు రాలేదట. కోపం లేదా అని అడిగాను. ఉంది అంది. ఎంత కాలముంటుందో తెలియదు అంది.

మరి రోజూ దాన్ని పెట్టుకుని ఎందుకు చూస్తున్నావమ్మా, ఎందుకు చెయ్యెత్తుతున్నావు అని అడిగాను. అప్పుడు అమ్మ అన్న మాట నేను చచ్చేదాకా మరిచిపోను.

"ఆమె పడి ఉన్నది బిడ్డా. అండ్ల ఎన్నడు జూసినా పడే ఉన్నది. లేపేటోళ్లు ఒక్కలు వస్తలేరు. ఆమె కుడిచెయ్యి ఎత్తుతె నా ఎడమచేతికి ఎదురుంగ వస్తది. నేనన్న లేపొద్దా?"

నేను ఏడ్చాను. అమ్మ ఏడవలేదు. డబ్బా తెమ్మంది. తెచ్చి పెట్టాను. చెయ్యి లేచింది, ఇదివరకటికంటే ఎత్తుగా.

నిన్న గుళ్లో సాక్ష్యం నేను చెప్పాను, ఉన్నదున్నట్టు. పాస్టర్ గారు తలవంచుకుని విన్నారు. తిరుపతమ్మత్త నాతో మాట్లాడలేదు. యాదలక్ష్మక్క ఇంటికి వచ్చి ఫ్రిజ్ పక్కన పెట్టిన పళ్లెం తీసి కడిగి బోర్లించింది, నా చేతి చాయ్ మాత్రం ముట్టలేదు. మధ్యాహ్నం దుకాణం వాళ్లు ఫోన్ చేశారు, గడువు ఈరోజుతో ముగుస్తుంది అని. అమ్మ వైపు చూశాను. అప్పుడే ఇవ్వొద్దు, పని కాలేదు అంది. ఇవ్వలేదు.

ఆనంద్.

~

ఎల్బీనగర్,
అక్టోబర్ 19, ఆదివారం.

బిడ్డ జాస్మిన్‌కు అమ్మ రెబెక్క దీవెనలు.

నేనే రాస్తున్న. మీ అన్న కూరగాయలకు పోయిండు. నాకు బైబిల్ చదువుడే గని రాసుడు అంతగ రాదు, తప్పులుంటె మీ వార్డెనమ్మను నవ్వొద్దని చెప్పు. కుడిచేత్తోని రాస్తున్న. కాయితం జారకుంట ఎడమచేత్తోని వట్టుకున్న. చూస్తివా.

పోయిన బుధవారం ఆమెను లేపిన. చెయ్యి భుజం దాక వొయింది. ఆమె వేళ్లు దొర్కినయి. సల్లగున్నయి. గట్టిగ వట్టి గుంజిన. రెండుసార్లు జారిపోయింది. మూడోసారి లేసి నిలవడ్డది. నాకు పానం పోయినంత పనయింది, చెమటతోని జాకెట్ తడిసింది.

తర్వాత ఆనంద్ పెట్టుకొని జూసిండు. ఎవలు లేరమ్మా, నేలంత ఖాళీగున్నది అన్నడు. చిన్నపోరని లెక్క ఏడ్సిండు. ఏడ్వనీ అని ఊకున్న. వాని మీద కోపం ఇంక కొంచెం ఉన్నది, పోతది. నువ్వు గూడ పోగొట్టుకో.

ఇగ కొత్తది కొందం, నీకు తేలికుంటది అంటున్నడు. నాకొద్దన్న. పాతది గూడ నాకొద్దు, అమ్ముతవో ఆడుకుంటవో నీ ఇష్టం అన్న. ఎందుకొద్దో వానికి చెప్పలే, భయపడతడు. నీకు చెప్తున్న. అది పెట్టుకోకున్నా ఆమె నాకు కనవడుతున్నది.

ఇప్పుడు గూడ నా పక్కకే కూసున్నది, రాసేది చూస్తున్నది. లేసిన కాడికెల్లి నన్ను ఇడుస్తలేదు. ఏం జేస్తది పాపం, ఇంక ఎవలున్నరు ఆమెకు. పొద్దుగాల నాతోని బాత్‌రూం దాక వస్తది, గోడ వట్టుకొని, ఎడమకాలు గుంజుకుంట. నేను కర్ర ఇడిసిపెట్టిన, ఆమెకు ఒక చెయ్యి ఇయ్యాలె గద.

నవంబర్‌ల సెలవులకు వస్తున్నవని ఆనంద్ చెప్పిండు. సంబురం. ఆమెకింక నడుచుడు సక్కగ రాలే, నేర్పిస్తున్న. నువ్వొచ్చినప్పుడు తలుపు జర మెల్లగ తియ్యి.

అమ్మ